మీరే చూశారా, ఎవరైనా చెప్పారా?

మిర్చి కళ్లాల్లో ఉండగా మబ్బు పట్టిందంటే ఇక ఫోన్లు ఊరుకోవు. ఈ వారం కూడా అదే తంతు. వడగళ్ల వీడియో ఒకటి గ్రూపుల్లో తిరుగుతుంది. ఏ ఊరో ఉండదు, ఎప్పటిదో ఉండదు, ‘మన దగ్గరే’ అని మాత్రం రాసి ఉంటుంది. దాన్ని నమ్మి రైతు కూలీలను పిలిపించి పట్టాలు కప్పిస్తే ఖర్చు దండగ. నమ్మకపోతే తడిసిన కాయ తాలు కింద పోతుంది. ఊరూ వేళా లేనిది వార్తే కాదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. నాలుగు బై పద్నాలుగు అంటే గుంటూరు బ్రాడీపేటలో ఏ మూలో ఆటోవాలాకు ఇట్టే తెలుస్తుంది. వాన కబురుకు కూడా అంత కచ్చితమైన చిరునామా ఉండాలి.

మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ ఉండగా ఈ కబుర్లతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి కిందికి వంగుతుంది. అర డిగ్రీ కోణంలో వదిలిన కిరణం 75, 80 కిలోమీటర్ల దూరంలోని గుంటూరు చేరేసరికి నేలకు సుమారు కిలోమీటరు ఎత్తున ఉంటుంది, దర్శి మీదికి వచ్చేసరికి దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తున. మబ్బు కడుపులో ఏముందో అది చెబుతుంది. పత్తి చేలో పడుతున్నది చినుకో వడగల్లో చెప్పాల్సింది మాత్రం నేల మీద నిలబడ్డ మనిషే. తుపాను సంగతి వేరు: మిగ్‌జాం 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, దాని రాక మనకు ముందే తెలుసు. వేసవి ఈదురుగాలి అంత గడువు ఇవ్వదు.

నేల మీది ఆ మనిషి మాటను ఎలా వినాలో హామ్ రేడియో (లైసెన్సుతో నడిపే ఔత్సాహిక రేడియో) వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. అమెరికాలో తుపాన్ల కోసం హరికేన్ వాచ్ నెట్ 1965 నుంచి నడుస్తోంది, స్కైవార్న్ పరిశీలకుల ఏర్పాటు 1970ల నాటిది. గాలివాన వేళ ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ చేరతారు, ఒకరు నెట్ కంట్రోల్‌గా కూర్చుంటారు. ఆయన పిలిస్తేనే మాట్లాడాలి. ప్రాణాపాయమైతే ఎవరైనా మధ్యలో రావచ్చు. మొదటి ప్రశ్న: మీరే చూశారా, ఎవరైనా చెప్పారా? తర్వాత ఎక్కడ, ఎన్ని గంటలకు, మబ్బు ఎటు కదులుతోంది. గాలి వేగం కొలిచే పరికరం లేనివాళ్లు అంకె చెప్పనక్కర్లేదు, వేపకొమ్మ విరిగిందా, రేకులు లేచాయా చెబితే చాలు. వడగల్లు గోలీ అంతా, నిమ్మకాయ అంతా అన్నది చాలు. నెట్ కంట్రోల్ దానికి తన ఊహ కలపడు, విన్నది విన్నట్టు వాతావరణ కార్యాలయానికి అందేలా చూస్తాడు. చినుకు పడుతోందని చెప్పడానికి ఛానెల్ ఆపుకుని కూర్చోవడానికి వీల్లేదు. నాకు ఎక్కువ నచ్చేది ఈ నియమమే. గట్టి కబురు వచ్చే క్షణానికి దారి ఖాళీగా ఉండాలి.

హామ్‌లు మనకు కొత్త కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్ జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతి ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారు, ఆమె రేడియో అండమాన్ కబుర్లను బయటికి చేర్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ సెల్ టవర్లను మూగబోయేలా చేసి, కైలాసగిరి మీది రాడార్‌ను కూడా దెబ్బతీసినప్పుడు మళ్లీ హామ్‌లే అక్కరకొచ్చారు. కానీ ఇవన్నీ విపత్తు వచ్చాక చేసిన సాయాలు. మబ్బు కమ్మేటప్పుడు వాళ్లను పిలిచి అడిగే అలవాటు మనకు లేదు.

అందుకని ప్రతి మండలానికీ ఒక హామ్ కావాలని రాయబోయాను. ఆలోచిస్తే అది నిలబడదు. పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవాలి, సెట్టు కొనాలి, ఏడాది పొడవునా సాధన చేయాలి. అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? మరోవైపు ఫోను దాదాపు ప్రతి రైతు చేతిలోనూ ఉంది. ఉరుముల వానకు టవర్లన్నీ కూలిపోవు కూడా. టవర్లు కూలే తుపానుకు రేడియో ఉండాల్సిందే, అందులో రాజీ లేదు. మిగతా రోజుల్లో మనకు కొరత సెట్లు కావు, నెట్ కంట్రోల్. గ్రూపులో వెయ్యిమంది మాట్లాడుతున్నారు, అడిగేవాడు ఒక్కడూ లేడు. అది రేడియోలో జరిగినా ఇంతే రొద అయ్యేది.

కనుక జిల్లా కంట్రోల్ రూముకు నా విన్నపం ఒకటే. ఈదురుగాలుల కాలంలో ఒక నంబరు, దాని ముందు శిక్షణ ఉన్న ఒక మనిషి. ఆ శిక్షణ ఇవ్వడానికి మన హామ్‌లను పిలవండి. పాఠకులకు కూడా ఒక మాట: మీ కంటితో చూడని వడగల్లును ఫార్వర్డ్ చేయకండి. చూస్తే ఊరు, వేళ రాసి పంపండి.