అద్దం పగులు అతికే చేయి

హైదరాబాద్–విజయవాడ హైవే మీద కంకర టిప్పర్ వెనకాల వెళ్తే ఏదో ఒకరోజు ముందు అద్దానికి రాయి తగలక మానదు. రూపాయి బిళ్లంత దెబ్బ కనిపించగానే అద్దం మార్చేయాలనుకుంటాం. పగుళ్లు అతకడంలో చేయి తిరిగిన పనివాడు మాత్రం ముందు టార్చి వేసి లోతు చూస్తాడు.

ముందు అద్దమంటే రెండు గాజు పలకలు, మధ్యలో ప్లాస్టిక్ పొర. దెబ్బ పై పలకతో ఆగితేనే ఈ వైద్యం. సూదిమొనతో నలుసులు తీస్తాడు, తేమ ఉంటే సన్నని సెగతో ఆరబెడతాడు. తర్వాత పంపు బిగించి లోపలి గాలి లాగేస్తాడు, పల్చటి రెసిన్ ఎక్కిస్తాడు. మళ్లీ లాగడం, మళ్లీ ఎక్కించడం. పెద్ద దెబ్బకు అసలు పరీక్ష ఇక్కడే. పగులు కొసల్లో కాస్త గాలి మిగిలినా వెండి తీగలా మెరిసి పట్టిస్తుంది. అప్పుడు కారు లోపల కూర్చుని, అద్దాన్ని వేలితో మెల్లగా నొక్కుతూ రెసిన్‌ను ఆ కొసలదాకా పాకిస్తాడు. ఆ ఓపికకే నా దండం!

ఇదంతా నీడలోనే. ఎండ తగిలితే రెసిన్ పగులంతా నిండకముందే గట్టిపడుతుంది. చివర గుంటలో చిక్కటి రెసిన్ వేసి, యూవీ దీపం కింద గట్టిపరచి, బ్లేడుతో గీకి పాలిష్ పెడతాడు.

మచ్చ ఆనవాలు కూడా ఉండదనే వాడిని నమ్మకండి. డ్రైవర్ చూపుకు సూటిగా ఉన్న పెద్ద దెబ్బను ముట్టుకోననేవాడే అసలు పనివాడు. దెబ్బ తగలగానే టేపు అంటించి, నీళ్లూ దుమ్మూ చేరకముందే అతని దగ్గరికి తీసుకెళ్లండి.