కాటు మాన్పించే చెయ్యి

ఫెరెట్‌తో కుందేళ్లు పట్టేవాళ్లకు ఒక గడ్డు క్షణం ఉంటుంది. కుందేలు వలలో పడిపోయాక, మట్టి అంటిన మూతితో ఫెరెట్ బొరియలోంచి తల బయటికి పెడుతుంది. అప్పుడు దాన్ని ఒట్టి చేత్తో ఎత్తుకోవాలి. చెయ్యి చూసి బెదిరిందా, మళ్లీ లోపలికి దూరుతుంది. ఇక గట్టు మీద గంటల తరబడి ఎదురుచూడటమో, పార పట్టి తవ్వడమో తప్పదు. కసుక్కున కొరికిందా, మరోసారి అందుకోబోయేటప్పుడు మనిషి చెయ్యి జంకుతుంది. జంకే చేతిని చూస్తే ఫెరెట్‌కి అనుమానం ఇంకా పెరుగుతుంది. బ్రిటన్ పల్లెల్లో ఫెరెట్లను పెంచేవాళ్లు పిల్లలకు కొరకడం మాన్పించడాన్నే తొలి పాఠంగా పెట్టుకున్నది ఇందుకే.

ఫెరెట్ మన ప్రాంతపు జంతువు కాదు. చూడ్డానికి ముంగిసలా సన్నగా, పొడుగ్గా, పొట్టి కాళ్లతో ఉంటుంది గానీ దానికి చుట్టరికం నీటికుక్కతో. యూరప్ అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ నుంచి వచ్చిన పెంపుడు జాతి ఇది. మగదాన్ని హాబ్ అనీ, ఆడదాన్ని జిల్ అనీ, పిల్లను కిట్ అనీ అంటారు. మనిషి దీన్ని మచ్చిక చేసుకుని రెండు వేల ఏళ్లు దాటిందని అంచనా. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో స్పెయిన్ గురించి రాస్తూ, మూతికి చిక్కం కట్టిన ఇలాంటి జంతువులను కుందేళ్ల బొరియల్లోకి వదిలే పద్ధతిని వర్ణించాడు. నార్మన్ల రాక తరువాత ఇంగ్లండ్‌లో కుందేళ్ల పెంపకం మొదలయ్యింది, దాని వెంటే ఫెరెట్ వేటా స్థిరపడింది. 14వ శతాబ్దం తొలి రోజుల్లో తయారైన క్వీన్ మేరీ సాల్టర్ అనే ప్రార్థన గ్రంథంలో ఇద్దరు స్త్రీలు ఫెరెట్‌తో, వలతో కుందేళ్లు పడుతున్న బొమ్మ ఉంది. 1390లో రెండో రిచర్డ్ రాజు కాలపు చట్టమైతే, ఏడాదికి 40 షిల్లింగుల రాబడి వచ్చే భూమి లేని సామాన్యులు ఫెరెట్లను ఉంచుకోకూడదంది. నార్ఫోక్‌లోని థెట్‌ఫోర్డ్ దగ్గర, కుందేళ్ల మేత భూములకు కాపలాగా 1400 ప్రాంతంలో కట్టిన రాతి ఇల్లు ఈనాటికీ నిలిచి ఉంది.

ఈ చరిత్రలో చేదు భాగమూ ఉంది. ఫెరెట్ కుందేలును బొరియలోనే చంపి, తిని, అక్కడే పడుకుండిపోతుందని పాతకాలంలో దాని మూతికి చిక్కం వేసేవారు. కొందరు పెదవులు కుట్టేవారు, కోరలు విరగ్గొట్టేవారు. చిక్కంతో లోపల తప్పిపోయిన ఫెరెట్ ఆకలికి చచ్చేది. ఎలుక ఎదురుపడితే తనను తాను కాపాడుకోలేకపోయేది. నోరు కట్టేయడం అంత తేలిగ్గా ఉన్న రోజుల్లోనే, పిల్లప్పటినుంచీ చేతికి అలవాటు చేసి నోటిని మచ్చిక చేసుకున్నవాళ్లూ ఉన్నారు. నిలబెట్టుకోవలసిన విద్య వాళ్లది.

అసలు పిల్ల ఎందుకు కొరుకుతుంది? జిల్ సుమారు 42 రోజులు మోసి, ఎక్కువగా వేసవి మొదట్లో ఈనుతుంది. పుట్టినప్పుడు పిల్ల బరువు దాదాపు పది గ్రాములు. కళ్లు కనపడవు, చెవులు వినపడవు. ఐదో వారం దగ్గరపడితే గానీ కళ్లు తెరవదు. కానీ ఆలోపే పాలపళ్లు వచ్చేస్తాయి, మాంసం నమలడం మొదలుపెడుతుంది. అంటే లోకాన్ని చూడకముందే వాసనతోనూ, నోటితోనూ తెలుసుకుంటుంది. తోబుట్టువులతో ఆడేటప్పుడు ఒకదాని మెడ తోలు ఒకటి పట్టి ఈడుస్తుంది. ఆ తోలు మందం, కాబట్టి వాటికి అది ఆటే. అదే పట్టు మన వేలి మీద పడితే రక్తం వస్తుంది. ఇందులో పిల్ల దుర్మార్గం ఏమీ లేదు. మనిషి చర్మం ఎంత పల్చనో దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

తొలి రోజుల్లో తల్లినీ పిల్లలనూ కదపకూడదు. గూడు కెలికితే బెదిరిన తల్లి పిల్లలనే చంపేసుకునే ప్రమాదం ఉంది. పిల్లలు పాక్కుంటూ తిండి దగ్గరికి వచ్చే మూడు నాలుగు వారాల వయసులో, తల్లికి మన మీద నమ్మకం ఉంటే, రోజూ కాసేపు వాటిని చేతిలోకి తీసుకోవాలి. ఆకలి మీదున్న పిల్లను ఎత్తకూడదు. ఆకలిగా ఉన్నప్పుడు కదిలేదల్లా తిండే అనుకుంటుంది. కుందేలు మాంసం ముట్టుకున్న చేతిని శుభ్రంగా కడుక్కోవాలి. దాని చూపు అంతంతమాత్రం, ముక్కు చెప్పిందే వింటుంది.

చెయ్యి చాచే తీరులోనే సగం విద్య ఉంది. వేళ్లు ఆడిస్తూ చాచకూడదు, అవి పట్టుకోవడానికి వీలైన ఎరలా కనిపిస్తాయి. పిడికిలి బిగించి వెనుక భాగాన్ని నెమ్మదిగా దాని ముందు పెట్టాలి. అక్కడ చర్మం బిర్రుగా ఉంటుంది కాబట్టి చిన్న నోటికి పట్టు దొరకదు. పిల్ల వాసన చూస్తుంది, నాకుతుంది. చేతి వెనుక చుక్క పాలో, కాస్త గుడ్డు సొనో రాస్తే ఆ చెయ్యి దానికి మంచి రుచిగా గుర్తుండిపోతుంది. మాంసం ముక్కలు మాత్రం చెంచాతోనే ఇవ్వాలి. ఎత్తేముందు మాట వినిపించాలి. మీద నుంచి గద్దలా దిగకుండా పక్క నుంచి చెయ్యి పోనివ్వాలి. అరచెయ్యి రొమ్ము కింద, బొటనవేలూ చూపుడువేలూ మెడ చుట్టూ వదులుగా, రెండో చెయ్యి వెనక కాళ్ల కింద. గాల్లో వేలాడితే తన్నుకుంటుంది. ఆధారం దొరికితే నెమ్మదిస్తుంది.

నాకుడును జాగ్రత్తగా గమనించాలి. ఒకేచోట పదే పదే, గట్టిగట్టిగా నాకుతూ చటుక్కున పంటితో పట్టడం ఫెరెట్ పిల్లల అలవాటు. నాకుడు ఒత్తిడి పెరగగానే చేతిని ప్రశాంతంగా తిప్పి, గుడ్డపీలికో బొమ్మో అందిస్తే గాటు పడదు. పిల్ల క్లుక్ క్లుక్ మంటూ గెంతుతుంటే అది ఆట. తోక వెంట్రుకలు నిక్కబొడుచుకుని, బుస్సుమంటుంటే భయం. భయంతో ఉన్నదాన్ని ముందు ఊరుకోబెట్టాలి, పాఠం తరువాత.

అయినా కొరికితే? చెయ్యి లాక్కోవద్దు. లాగితే పన్ను చర్మాన్ని చీలుస్తుంది. అంతకంటే పెద్ద నష్టం, కొరికితే చెయ్యి పారిపోతుందని పిల్ల నేర్చుకోవడం. చేతిని కదపకుండా ఉంచాలి, వీలైతే నోటివైపే కాస్త నెట్టాలి, పట్టు దానంతటదే సడలుతుంది. తరువాత మెడ వెనుక వదులు తోలును పట్టి, మరో చేతిని అడుగున ఆనించి, తక్కువ గొంతుతో ఒక్కమాట గదమాలి. తల్లి పట్టుకునేదీ అక్కడే కాబట్టి పిల్ల ఒళ్లు వదిలేస్తుంది, ఒక్కోసారి ఆవులిస్తుంది కూడా. నెమ్మదించాకే కింద పెట్టాలి. కొరికిన మరుక్షణం దింపేస్తే అది గెలిచినట్టే.

ముక్కు మీద చిటికెతో కొట్టడం పాతవాళ్లలో కొందరి అలవాటు. దానివల్ల పిల్ల చేతిని చూస్తేనే జడుసుకుంటుంది, జడుపే పెద్దయ్యాక కాటవుతుంది. తోలు గ్లౌజులు వేసుకోవడమూ మంచిది కాదు. ఎంత గట్టిగా కొరికినా ఫలితం ఉండదు కాబట్టి పంటి బలం తగ్గించుకోవడం పిల్లకు అబ్బదు. రొట్టె పాలలో నానబెట్టి పెట్టే పాత ఆచారమూ తిప్పలే తెచ్చింది. మాంసాహారికి ఆ తిండి చాలదు, కడుపు పాడవుతుంది, అర్ధాకలి పిల్ల అన్నిటినీ కొరుకుతుంది. ఏడో వారం నుంచి శాశ్వత కోరలు వచ్చేటప్పుడు గాట్లు మళ్లీ పెరగవచ్చు. అప్పుడు విసుగు పడకుండా అదే పద్ధతి కొనసాగించాలి. ఇంట్లో అందరి చేతులూ అలవాటైతే పిల్ల ఎవరి దగ్గరైనా నిబ్బరంగా ఉంటుంది, చిన్నపిల్లల చేతికిచ్చేటప్పుడు మాత్రం పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

ఇలా వేసవంతా పెరిగిన పిల్ల శీతాకాలంలో మొదటిసారి బొరియలో దిగుతుంది. తుపాకీ పేల్చడానికి వీల్లేని చర్చి శ్మశానాల్లో, రైలు కట్టల మీద కుందేళ్లను అదుపు చేయడానికి ఈ పద్ధతి ఇప్పటికీ పనికొస్తోంది. 1953లో బ్రిటన్‌కు పాకిన మిక్సొమటోసిస్ వ్యాధి అక్కడి కుందేళ్లలో అత్యధిక భాగాన్ని తుడిచిపెట్టింది, దాంతో ఈ వేటా పలచబడింది. ఒకప్పుడు గజానికో ముడి వేసిన తాడు కట్టి మగ ఫెరెట్‌ను లోపలికి పంపి, లోతు లెక్కగట్టి తవ్వేవారు. ఇప్పుడు మెడలోని ట్రాన్స్‌మిటర్ పట్టీ ఆ చోటు చెబుతోంది. కానీ బయటికొచ్చిన ఫెరెట్‌ను ఎత్తుకునే పని నేటికీ చేతిదే.

ఈనాడు వేటతో సంబంధం లేని ఇళ్లలోనూ ఫెరెట్లు పెరుగుతున్నాయి. ముద్దొచ్చి కొనుక్కున్నవాళ్లు నాలుగు గాట్లు పడగానే వదిలించుకోవాలని చూస్తారు. ఫెరెట్ ఆరేడేళ్లు బతుకుతుంది, తొలి వేసవిలో ఎవరూ పట్టించుకోని పాపానికి ఆ బతుకంతా చేతులు మారుతూ గడుస్తుంది. అందుకే పల్లె వేటగాళ్ల దగ్గరున్న ఈ విద్య ఆ ఇళ్లకు చేరాలి. పిల్లను అమ్మేవాళ్లు పంజరం, తిండి గురించి చెప్పి ఊరుకోకుండా, కొనేవాళ్ల చేత ఒక్కసారైనా దాన్ని ఎత్తించి, పట్టు సరిచేసి, కొరికితే ఏం చెయ్యాలో చూపించి పంపాలి. ఆ కాస్త శ్రద్ధ పిల్లకూ, దాన్ని ఇంటికి తీసుకెళ్లేవాళ్లకూ చాలా ఏళ్ల మేలు.