‘గిలియడ్’ నవల: సంఘకాపరి ఇంటి చరిత్రలో మిగిలిన ఖాళీ

అమెరికన్ రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్ 2004లో ప్రచురించిన ‘గిలియడ్’ నవల ఒక చిన్న ఊరి సంఘకాపరి తన కొడుక్కి రాసిన సుదీర్ఘమైన లేఖ. కథాకాలం 1956. స్థలం అయోవా రాష్ట్రంలో గిలియడ్ అనే కల్పిత పట్టణం. రెవరెండ్ జాన్ ఏమ్స్ వయస్సు 76 ఏళ్ళు. గుండెజబ్బు వల్ల ఎక్కువకాలం బతకడు. కొడుక్కి ఇంకా ఏడేళ్ళు నిండలేదు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక చదువుకోవడానికి తన తాత తండ్రుల కథను ఏమ్స్ రాసిపెడతాడు. 2005లో పులిట్జర్ బహుమతి పొందిన ఈ నవలను విశ్వాసం, దైవకృప, మరణానికి సిద్ధపడటం అనే కోణాల నుంచి చదవడం పరిపాటి. ఆ పఠనానికి నవలలో కావలసినంత ఆధారం ఉంది. అయితే ఈ లేఖ ఒక వంశచరిత్ర కూడా. ఆ చరిత్ర దేన్ని విస్తరించి చెప్పింది, దేన్ని రెండు మాటల్లో దాటవేసింది అనే విషయాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఏమ్స్ ఇంట మూడు తరాల వారూ సంఘకాపరులే, ముగ్గురి పేరూ జాన్ ఏమ్సే. సంకెళ్ళతో ఉన్న ప్రభువును దర్శనంలో చూసి, బానిసత్వాన్ని ఎదిరించడానికి మెయిన్ రాష్ట్రం విడిచి పశ్చిమానికి వచ్చినవాడు తాత. జాన్ బ్రౌన్‌కు తోడ్పడ్డాడు. అంతర్యుద్ధంలో సైన్యపు చాప్లిన్‌గా వెళ్ళి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. నెత్తుటి చొక్కాతో, నడుముకు పిస్తోలుతో ప్రసంగవేదిక ఎక్కిన మనిషి. అది కళ్ళారా చూసిన కొడుకు శాంతివాది అయ్యాడు. ఆ తండ్రీకొడుకుల మధ్య తెగిన మాట మళ్ళీ అతకలేదు. ముసలివాడు కాన్సాస్‌కు వెళ్ళిపోయి అక్కడే మరణించాడు. 1892లో పన్నెండేళ్ళ ఏమ్స్ తండ్రి వెంట కరువు నేలల మీదుగా నడిచి ఆ సమాధిని వెతికిన ప్రయాణం నవలలో అత్యంత సుందరమైన భాగం. తాత విడిచి వెళ్ళిన చొక్కాలనూ పిస్తోలునూ తండ్రి మొదట పాతిపెడతాడు. మళ్ళీ తవ్వి తీసి, పిస్తోలును ముక్కలు చేసి నదిలో పారవేస్తాడు. వారసత్వాన్ని ఉంచుకోలేక, వదులుకోలేక సతమతమయ్యే ఇంటిని ఇంతకంటే క్లుప్తంగా చూపడం కష్టం.

గిలియడ్ కల్పితమే అయినా దానికి అయోవాలోని టేబర్ అనే ఊరు ఆధారమని రచయిత్రి చెప్పారు. కాంగ్రిగేషనల్ సంఘస్థులు స్థాపించిన ఆ ఊరు పారిపోయి వచ్చే బానిసలకు ఆశ్రయమిచ్చింది. జాన్ బ్రౌన్ అక్కడ మజిలీ చేశాడు. తెలుగు బైబిలులో ‘గిలాదు’గా కనిపించే ఈ పేరు యిర్మీయా గ్రంథంలో గాయాలు మాన్పే గుగ్గిలంతో ముడిపడి ఉంది. పేరుకు తగ్గ ఊరేనా అన్న సందేహాన్ని మొదట లేవనెత్తేది తాతే. జూలై 4 వేడుకలో మాట్లాడమంటే, ఆనాటి ఆవేశం బూడిదై పోయిందని వాపోతాడు. సభ నవ్వుతుంది. ఏమ్స్ ఆ ప్రసంగాన్ని లేఖలో భద్రపరుస్తాడు గాని, దాన్ని తన జీవితానికి అన్వయించుకోడు.

అతని అటక మీద ఒక జీవితకాలపు ప్రసంగాలున్నాయి. ఆయన లెక్క ప్రకారం అవి 2,250, పుటలు 67,500. యుద్ధాన్ని నిరసిస్తూ, ఇన్‌ఫ్లూయెంజా రోజుల్లో రాసిన ఒక ప్రసంగం మాత్రం వాటిలో లేదు. దాన్ని పొయ్యిలో వేసి, ఆ ఆదివారం తప్పిపోయిన గొర్రె ఉపమానాన్ని బోధించాడు. ఇంత పెద్ద భాండాగారంలో కాలిపోయింది ఆ ఒక్కటే కావడం యాదృచ్ఛికమనిపించదు.

మరొక నిప్పు సంగతీ ఉంది. గిలియడ్‌లో ఒకప్పుడు నల్లజాతి వారి చర్చి ఉండేది. ఎవరో దాని వెనుక గోడకు కంపచెత్త పేర్చి అంటించారు. పెద్ద మంట కాదంటాడు ఏమ్స్, ఎవరో చూసి ఆర్పేశారంటాడు. కొన్నేళ్ళకు మిగిలిన మూడు నాలుగు కుటుంబాలు చర్చి అమ్మేసి చికాగో తరలిపోయాయి. వెళ్ళేముందు వారి పాస్టరు తమ మెట్ల దగ్గర పెరిగిన లిల్లీ మొక్కలను తవ్వి సంచిలో తెచ్చి ఇచ్చాడు. అవి ఏమ్స్ చర్చి ముందు ఇంకా పూస్తూనే ఉన్నాయి. తాత సమాధి వెతుకులాటకు పుటలకు పుటలు దక్కిన లేఖలో దీనికి దక్కినవి కొన్ని వాక్యాలే. పువ్వులు జ్ఞాపకమున్నాయి. మంట పెట్టిందెవరో విచారించిన దాఖలా లేదు. గ్రామ కైఫీయతుల్లో అగ్రహార దానాలు సవివరంగా నమోదై, ఆ నేల దున్నినవారు ప్రస్తావనమాత్రంగా మిగలడం చూసిన తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి అపరిచితం కాదు.

ఈ చిన్న ప్రస్తావన నవల చివరిలోగాని అసలు బరువు సంతరించుకోదు. ఏమ్స్ ప్రాణస్నేహితుడు, ప్రెస్బిటీరియన్ పాస్టరు బౌటన్ కొడుకు జాక్ చాలా ఏళ్ళకు ఊరికి తిరిగి వస్తాడు. ఏమ్స్ పేరే పెట్టుకున్నా ఏమ్స్ నమ్మలేని మనిషి అతడు. ఒకనాటి ఆరాధనలో ఏమ్స్ హాగరు, ఇష్మాయేలుల కథ బోధిస్తుంటే, కొడుకును విడిచిన తండ్రుల ప్రస్తావన తనకే తగిలిందని పాలిపోతాడు. ఆ తరువాత తన రహస్యం విప్పుతాడు. అతని భార్య డెల్లా నల్లజాతి స్త్రీ, మెంఫిస్‌లోని ఒక పాస్టరు కూతురు. వారికి ఒక కొడుకున్నాడు. మిస్సోరిలో అలాంటి వివాహం నేరం. ఆ రకమైన చట్టాలను అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది 1967లోగాని కాదు. అయోవాలో నిషేధం 1851లోనే తొలగిపోయింది. చట్టం ఒప్పుకున్నా, ఈ ఊరు ఒప్పుకుంటుందా? ఊళ్ళో మీ మాటకు విలువ ఉంది కదా అని జాక్ అడిగితే, ఆ పలుకుబడి వాడేంతకాలం బతుకుతానో లేదోనంటాడు ఏమ్స్. గుండెజబ్బు నిజమే. కాని జాన్ బ్రౌన్ సహచరుడి మనవడి నోట ఆ మాట కేవలం వైద్య సమాచారంగా వినబడదు. బస్సు ఎక్కబోయే జాక్ నుదుటి మీద చేయి ఉంచి అతడిచ్చే దీవెనలో ప్రేమకు కొదవ లేదు. జాక్ కోరిన చోటు మాత్రం అందులో లేదు.

రాబిన్సన్‌ను ఏమ్స్ పక్షపాతిగా చూసే విమర్శకు 2008 నాటి ‘హోమ్’ నవల సమాధానమిస్తుంది. అక్కడ అదే వేసవిని బౌటన్ ఇంటి లోపలినుంచి, జాక్ చెల్లెలు గ్లోరీ దృష్టితో చూపించారు. టెలివిజన్‌లో దక్షిణాది నల్లవారి పోరాట దృశ్యాలు చూస్తూ ముసలి బౌటన్ పలికే మాటలు, సాధుశీలమైన ఆ ఇంట్లో జాక్ నోరు ఎందుకు విప్పలేకపోయాడో తెలియజేస్తాయి. జాక్ వెళ్ళిపోయాక డెల్లా కొడుకును వెంటబెట్టుకుని కారులో వస్తుంది. చీకటి పడక ముందే తిరిగి వెళ్ళాలి. రాత్రి బస దొరకడం కష్టం. పిల్లవాడు తండ్రి పెరిగిన ఇంటిని బయటినుంచే చూస్తాడు. వాళ్ళు కదిలిపోయాక, ఆ బాలుడు ఎప్పుడో యువకుడై తిరిగి వచ్చి వాకిట నిలబడినట్లు గ్లోరీ ఊహించుకుంటుంది. అతని కోసమే ఆ పాత ఇంటిని ఉన్నదున్నట్లు కాపాడాలని ఆమెకు అనిపిస్తుంది.