కూర్చున్న కంటి ఎత్తు

డ్రాయింగ్ లోయర్ పరీక్షకి తయారవుతున్న రోజుల్లో మా సారు మొదట గీయించింది రైలు పట్టాలు. 1980ల కరీంనగర్. ఊరికి అప్పటికి రైలే లేదు! పట్టాలు దూరంగా పోయి ఒక చుక్కలో కలుస్తాయంటే నమ్మి గీశాం.

తర్వాత గది. ఎదురుగోడని దీర్ఘచతురస్రంగా వేసుకుని, అందులో కంటి ఎత్తున అడ్డగీత గీసి, గీత మీద చుక్క పెట్టాలి. చుక్క నుంచి నాలుగు మూలల మీదుగా బయటికి గీతలు లాగితే పై రెండూ కప్పు అంచులు, కింది రెండూ నేల అంచులు. అడ్డంగా ఉన్న దూలాలు అడ్డంగానే ఉంటాయి. లోపలికి పోయేవన్నీ చుక్క దగ్గరికే పోతాయి. నేల మీది బండల దగ్గరే అందరం తప్పు చేసేవాళ్ళం, వరస వరసకీ ఎంత తగ్గించాలో అందాజాగా వేసి. నిజానికి మొదటి బండ కర్ణాన్ని కంటి గీత దాకా పొడిగిస్తే, మిగతా వరసలు ఎక్కడ పడాలో అదే చెబుతుంది.

ఇంటికొచ్చి మా అర్ర గీశాను. అమ్మ చేతిలో బీడీల చాట, ఒక పక్క తునికాకు. కాగితం చూసి, "గిది నువ్వు నిలవడి సూసిన ఇల్లు బిడ్డా. నేను కూసున్న కాడికెల్లి సూడు" అంది.

కూర్చుని చూశాను. కంటి గీత సగానికి దిగిపోయింది. గుండ్రంగా పరుచుకున్న చాట సన్నగా అణిగిపోయింది. కప్పు పైకి లేచింది. నిలబడి గీసినప్పుడు నా కంటి గీతకి సరిగ్గా తల ఆనించిన మనిషి, బీడీలు లెక్క చూసుకోవడానికొచ్చి దర్వాజలో నిలబడ్డవాడు, ఇప్పుడు నడుము దగ్గర్నుంచీ గీతకి పైనే ఉన్నాడు. మారింది కంటి ఎత్తు ఒక్కటే. డ్రాయింగ్ పుస్తకాలు గదిని ఎప్పుడూ నిలబడ్డ మనిషి కంటితోనే, అదీ సరిగ్గా నడిమధ్య నుంచే చూపిస్తాయి. చేయి పడడానికి అది సులువే, కాదనను. కానీ ఆ గదిలో రోజంతా గడిపేవాళ్ళలో ఎక్కువమంది నేల మీద కూర్చునే ఉంటారు.

మా జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం బొమ్మలు చూసినప్పుడల్లా నాకు ఈ అర్ర గుర్తొస్తుంది. పెద్ద బొట్టు, నల్లటి ఒళ్ళు, మెరిసే చీర. వెనక మాత్రం చాలాసార్లు గది ఉండదు, చదునైన రంగే. ఆదిలాబాద్ వైపు నిర్మల్ పలకల మీది నల్లరంగు కూడా ఇంతే, గోడ కాదు. అది చేతకానితనం కాదు, మన పటాల దారే వేరు. అక్కడ ముఖ్యుడే పెద్దవాడు, ఎంత దూరంలో ఉన్నా. అయినా ఒక వెలితి. ఆ స్త్రీ ఎవరింట్లో, ఏ మూల కూర్చుందో చెప్పకపోతే, ఆమెని ఎవరి డ్రాయింగ్ రూములోనైనా సుఖంగా తగిలించుకోవచ్చు.

అదే వైకుంఠం బి. నరసింగరావు 'దాసి' (1988)కి కళాదర్శకత్వం చేసి జాతీయ అవార్డు తీసుకున్నారు. కట్నంతోపాటు గడికి వచ్చిన దాసి కథ అది. ఆమెని ఆ గదుల నుంచి విడదీసి చూపించలేం. రంగు చీరల బొమ్మల కంటే నాకు ఆయన ఆ పనే ఇష్టం. మళ్ళీ ఆ సినిమా పెట్టుకుంటే ప్రతి షాటులో నేను ముందు వెతికేది ఒకటే, కెమెరా నేల నుంచి ఎన్ని జానల ఎత్తులో ఉందా అని.