బొమ్మకు ముందు బ్యానరు

మిరప కోతలు, పత్తి తీతలు అయిపోయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో ప్రకాశం జిల్లా దర్శిలో ఫస్ట్ షో హాలు ఎలా ఉండేదో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సోడాల కేకలు, సీటు కోసం తగవులు, పిల్లల ఏడుపులు, లైట్లు ఆరగానే ఈలలు. ఆ గోలను దాటుకుని అందరికంటే ముందు పలకాల్సింది సినిమా తీసిన సంస్థ గుర్తు. దానికి దొరికేది మహా అయితే పది పదిహేను సెకన్లు. చూపులింకా తెరకు చేరవు కనుక ముందు చెవిని పట్టుకోవాలి. మన పాత బ్యానర్లు తయారుచేసినవాళ్లకు ఈ కిటుకు బాగా తెలుసు.

ఎస్.ఎస్.వాసన్ మద్రాసులో 1940లో మొదలుపెట్టిన జెమిని స్టూడియోస్‌నే తీసుకోండి. మిథునరాశి పేరు కనుక కవల పిల్లలు, వాళ్ల చేతుల్లో బూరలు. అప్పటి ఫిల్ము మీది సౌండ్ ట్రాకు మరీ మంద్రమైన ధ్వనినీ, మరీ సన్నని ధ్వనినీ సరిగా పట్టేది కాదు. టూరింగ్ టాకీసు లౌడ్‌స్పీకర్లూ అంతే. బూర గొంతు ఆ రెండింటికీ నడుమ పడుతుంది కాబట్టి ఎంత పాత మెషీనులోనైనా ఖంగున మోగేది.

నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థకు జెండాపై కపిరాజు. అర్జునుడి పేర్లలో విజయుడన్నది ఒకటి, ఆయన రథం మీది జెండా అదే. తోలుబొమ్మలాటలూ హరికథలూ చూసి పెరిగిన మనిషికి అక్షరం రాకపోయినా జెండా చూడగానే ఎవరి సినిమానో తెలిసిపోతుంది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) వంటి సినిమాలు ఆ జెండా కిందివే.

నాకు మాత్రం వైజయంతీ మూవీస్ గుర్తును మించింది కనిపించదు. 1974లో సి.అశ్వనీదత్ పెట్టిన సంస్థకు ఆ పేరు పెట్టింది ఎన్టీఆర్. వైజయంతి అంటే కృష్ణుడి మెడలోని మాల. తెర మీద ఎన్టీఆరే కృష్ణుడై శంఖం పూరిస్తారు. పేరు, రూపం, ధ్వని మూడూ ఒక్క చోటి నుంచే పుట్టాయి, అతుకు కనబడదు. ఆ ధ్వనిని ఒకసారి శ్రద్ధగా వినండి. శంఖానికి పాట లేదు, తాళం లేదు. ఊపిరి కుదిరిన కొద్దీ నాదం లేచి, నిలిచి, ఊపిరి సన్నగిల్లగానే కరిగిపోతుంది. కురుక్షేత్రంలో పాంచజన్యం మోగితే ఏం మొదలవుతుందో ఆ హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. కథ చెప్పకుండానే ఎదురుచూపు పుట్టించడమంటే అదీ!

అమెరికాలో జేమ్స్ మూరర్ 1982లో సినిమా హాళ్ల ధ్వని ప్రమాణమైన టీహెచ్ఎక్స్ కోసం చేసిన ధ్వనిదీ గొప్ప పనితనమే. ఎటెటో తిరిగే ముప్పై గొంతులు మెల్లగా ఒక్క పెద్ద శ్రుతిలో కలుస్తాయి. కానీ దాని బలమంతా హాల్లోని స్పీకర్లది. శంఖానికి ఆ ఆసరా అక్కర్లేదు. ఈమధ్య వచ్చే బ్యానర్లలో బంగారు రజను ఎగిరి అక్షరాలవడం, గుండె అదిరే దరువు పడడం తప్ప ఒకదానికీ ఇంకొకదానికీ తేడా దొరకడం లేదు. అంత ఖర్చు పెట్టి గుర్తుండకపోవడం చూస్తే బాధేస్తుంది.

మన ప్రాంతం మనిషి, కారంచేడులో పుట్టిన డి.రామానాయుడు ఇంకో దారి తొక్కారు. ‘రాముడు భీముడు’ (1964)తో మొదలైన సురేష్ ప్రొడక్షన్స్ గుర్తులో ఎస్, పి అక్షరాల మీద నిలబడే ఇద్దరు పిల్లలు ఆయన కొడుకులే. దేవుళ్లూ ఆయుధాలూ లేకుండా ఓ తండ్రి ముచ్చటను సంస్థ ముద్రగా నిలబెట్టారు. వాళ్లలో పెద్దవాడు సురేష్‌బాబు ఆ సంస్థ పగ్గాలు అందుకున్నారు. చిన్నవాడు వెంకటేష్ 1986లో ‘కలియుగ పాండవులు’తో అదే బ్యానరులో హీరో అయ్యారు.