మరుపుకు ఒక రోజు ముందు

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగే తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నాలుగో భాష. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బోర్డుల మీద గుజరాతీ. నగరపాలక సంస్థ బడులు ఏడు మాధ్యమాల్లో నడుస్తాయి, వాటిలో తెలుగూ ఉంది. బడి దాటాక ఇంగ్లీషును సొంతంగా నేర్చుకోవాలంటే చేతిలోని ఫోనే ఆధారం. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉచితంగా దొరికే పనిముట్లలో నేను బాగా గౌరవించేది, మాటలు గుర్తుంచుకోవడానికి సాయపడే ఆంకీ. డేమియన్ ఎల్మ్స్ 2006లో దీన్ని విడుదల చేశారు.

పైకి కనిపించేది కార్డు: ముందు ప్రశ్న, వెనక జవాబు. నేర్పంతా లోపలుంది. 1987 డిసెంబరులో పోలండ్‌లోని పొజ్నాన్‌లో పియోటర్ వోజ్నియాక్ అనే విద్యార్థి రాసిన లెక్క దానికి పునాది. ఆయనకూ ఇంగ్లీషు పరాయి భాషే. నేర్చిన మాటలు జారిపోతుంటే, ఏ మాటను ఎప్పుడు మళ్లీ చూడాలో మొదట కాగితాల మీద కొలిచి, తర్వాత కంప్యూటరుకు అప్పగించారు.

కార్డుకు ఆ లెక్క దాచుకునేవి మూడే అంకెలు: వరుసగా ఎన్నిసార్లు గుర్తొచ్చింది, మళ్లీ ఎన్ని రోజులకు చూపాలి, ఆ కార్డు ఎంత సులువు. సులువు అంకె 2.5తో మొదలవుతుంది. తొలి విరామం 1 రోజు, రెండోది 6 రోజులు. అక్కణ్ణుంచి విరామాన్ని సులువు అంకెతో హెచ్చవేస్తూ పోతుంది: 15, 38, 95. ఐదుసార్లు పలకరిస్తే చాలు, మాట ఐదు నెలలు దాటేస్తుంది. మార్కు మాత్రం చదివేవారే వేసుకోవాలి, 0 నుంచి 5 దాకా. 5 వేస్తే సులువు అంకె 0.1 పెరుగుతుంది, 4కు కదలదు, తడుముకుని 3 వేస్తే 0.14 తగ్గుతుంది. 3 కూడా రాకపోతే విరామం మళ్లీ 1 రోజు దగ్గర మొదలు. ఎంత మొండి కార్డయినా సులువు అంకె 1.3 కన్నా దిగదు. దిగనిస్తే అదే కార్డు అస్తమానం ఎదురై విసిగిస్తుంది. ఆ హద్దు గీయడంలో నేర్చుకునేవాడి మనసెరిగిన దయ ఉంది.

ఆంకీ ఈ లెక్కను తనకు తగ్గట్టు మలచుకుని, మార్కులను నాలుగు బటన్లకు కుదించింది. 2023లో మరో లెక్కనూ చేర్చుకుంది. అది మన పాత జవాబుల నుంచే మన మరుపు వేగాన్ని అంచనా కడుతుంది.

నన్ను ఇంకా కట్టిపడేసే పనితనం ఒకటుంది. ఇందులో రాసుకున్న విషయం వేరు, దాని నుంచి పుట్టే కార్డులు వేరు. ‘డిపెండ్’ తర్వాత ‘ఆన్’ వచ్చే వాక్యం ఒక్కసారి రాసిపెడితే రెండు కార్డులు తయారయ్యేలా పెట్టుకోవచ్చు: ఇంగ్లీషు చూసి అర్థం చెప్పేది ఒకటి, తెలుగు చూసి ఇంగ్లీషు పలికేది ఒకటి. దేని విరామం దానిదే. చదివితే తెలిసే మాట నోటికి రాకపోవడం పరాయి భాషలో రోజూ ఉండే బాధ. ఆ తేడా ఇక్కడ అంకెల్లో నమోదవుతుంది. నోటికి రాని కార్డు తరచుగా వస్తుంది, తెలిసినది దూరం జరుగుతుంది. వాక్యంలో తప్పు దొర్లితే ఒకచోట దిద్దితే చాలు, రెండు కార్డులూ మారతాయి.

రోజుకు 20 కొత్త కార్డులని ఆంకీ ముందే పెట్టి ఇస్తుంది. షిఫ్టు ముగించుకుని వచ్చి చదివేవారు దాన్ని 5కు దించుకోవచ్చు. ఒకసారి కార్డులు ఫోన్లోకి దిగాక, నెట్ లేకపోయినా చదువు ఆగదు.