రబ్బరు డైలో దాగిన పనితనం

ఏడు రాళ్ళ కమ్మ చేతిలోకి తీసుకుంటే మన చూపు రాళ్ళ మీదికే పోతుంది. రాళ్ళు పొదిగినవాణ్ని మెచ్చుకుంటాం, మెరుగు పెట్టినవాణ్ని మెచ్చుకుంటాం. ఆ కమ్మ కాస్టింగులో, అంటే పోతపోసి, తయారైనదైతే దాని వెనక ఇంకొకడున్నాడు. గుప్పెట్లో ఇమిడే రబ్బరు దిమ్మను సన్నటి కత్తితో రెండుగా కోసినవాడు. కార్ఖానాలో అందరికన్నా గట్టి పనివాడు ఎవరంటే నేను అతన్నే చూపిస్తాను.

మైనంతో బొమ్మ చేసి, మట్టి మెత్తి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోయడం మనకు కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాసిన ‘మానసోల్లాసం’లో ఆ పద్ధతి ఉంది. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు ఇప్పటికీ అలాగే విగ్రహాలు పోస్తారు. అయితే అక్కడ ఒక మైనపు బొమ్మకు ఒకటే విగ్రహం. గుడికి అది చాలు, నగల దుకాణానికి చాలదు. ఒకే నమూనాకు వందల మైనపు ప్రతులు తీయాలంటే, పెళుసుగా ఉండే మైనాన్ని విరక్కుండా వదిలే మెత్తటి అచ్చు ఉండాలి.

ఆ లోటు రబ్బరు తీర్చింది. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరు గట్టిపడి, సాగదీసినా మళ్ళీ తన రూపానికి వస్తుందని చార్లెస్ గుడియర్ 1839లో కనిపెట్టాడు. నగల పోతకు దీన్ని వాడుకునే పద్ధతి మీద యుంగర్సన్ అనే ఆయన 1938లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. అందులో కొత్త కల్పనేమీ లేదని అక్కడి సుప్రీంకోర్టు 1949లో దాన్ని కొట్టేసింది. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి జాక్సన్, ఈ కోర్టు చేతికి చిక్కని పేటెంటు ఒక్కటే చెల్లుతుందేమో అన్నట్టు చురక వేశాడు. పేటెంటు పోయింది, పని మాత్రం ఊరూరా పాకింది.

ముందు మాస్టర్, అంటే అచ్చు తీయడానికి అసలు నమూనా, కావాలి. సాధారణంగా వెండితో చేస్తారు. రబ్బరూ మైనమూ బంగారమూ అన్నీ చల్లారేటప్పుడు ముడుచుకునేవే కాబట్టి మాస్టర్‌ను అసలు కొలత కన్నా పిసరంత పెద్దదిగా చేస్తారు. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది గనక పైన రోడియం పూత వేస్తారు. మాస్టర్ మీద ఒక్క గీత మిగిలిందా, వెయ్యి కమ్మల మీద వెయ్యి గీతలు.

అల్యూమినియం చట్రంలో పచ్చి రబ్బరు షీట్లు పరిచి, మధ్యలో మాస్టర్ పెట్టి, పైన మళ్ళీ షీట్లు పేరుస్తారు. పని తెలిసినవాడు ఇక్కడ తొందరపడడు. రాయి కూర్చునే ప్రతి గుంటలో, కాడ పక్కన, ప్రతి సందులో, గోరంత రబ్బరు ముక్కలు కోసి కూరతాడు. చేతికి జిడ్డుంటే పొరలు అతుక్కోవు, గాలి మిగిలితే అచ్చులో బొక్క పడుతుంది. చట్రం అంచు కన్నా కొంచెం ఎత్తుగా నింపి, సుమారు 150 డిగ్రీల వేడిలో ప్రెస్సు కింద బిగిస్తాడు. పొరకు ఏడెనిమిది నిమిషాల లెక్క. ఆరు పొరలైతే ముప్పావు గంట. వేడి ఎక్కువైతే రబ్బరు అతిగా ముడుచుకుంటుంది, తక్కువైతే జిగటగా మిగిలిపోతుంది.

అసలు విద్య చల్లారాక మొదలవుతుంది. మాస్టర్ ఇప్పుడు దిమ్మ నడుమ ఉంది, కంటికి కనబడదు. కోసేవాడు దాని ఒంపులన్నీ మనసులో పెట్టుకునే కత్తి దించాలి. ముందు నాలుగు మూలల్లో నాలుగు మెట్లు కోస్తాడు. రెండు సగాలను మూసినప్పుడు అవి ఒకదాన్లో ఒకటి సరిగ్గా కూర్చుని, అచ్చును పక్కకు జరగనివ్వవు. ఆ తర్వాత దిమ్మను కొక్కేనికి తగిలించి, ఎడమచేత్తో లాగి పట్టుకుని, సబ్బునీళ్ళలో తడిపిన కత్తి మొనను ఆనిస్తాడు. బిగువుగా సాగిన రబ్బరు మొన తగిలీ తగలకముందే విచ్చుకుంటుంది. చూడ్డానికి అతను కోస్తున్నట్టుండదు, రబ్బరే దారి ఇస్తున్నట్టుంటుంది. మాస్టర్ అంచు మెరవగానే కత్తి ఆ అంచు వెంబడే తిరుగుతుంది. రెండు సగాలు కలిసే గీత నగ ముఖం మీద పడకూడదు, వెలుపలి అంచునే పడాలి. అక్కడైతే ఆకురాయి ఒకసారి ఆడిస్తే పోతుంది.

ఏడు రాళ్ళ కమ్మలో ఇంకో చిక్కుంది. రాళ్ళ కింద ఏడు రంధ్రాలు. వాటిలోంచి దిగిన రబ్బరు ఏడు సన్నటి స్తంభాలై ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి ఉంచుతుంది. ఒక్కోదాన్నీ మొనతో వెదికి, ఏదో ఒక సగానికి అంటుకుని ఉండేలా తెంచాలి. రాయి కూర్చునే గట్టు దగ్గర తెంచితే గీత అక్కడే పడి రాయి సమంగా కూర్చోదు. కాబట్టి అడుగుకు దగ్గరగా తెంచుతాడు. స్తంభం ఊడిపోయిందంటే ఆ రంధ్రం మైనంతో పూడుకుపోతుంది.

తర్వాత గాలి దారులు. రాయిని పట్టుకునే కొక్కేల చివర్ల నుంచి వెంట్రుకవాసి చీలికలు పెడతాడు. లేకపోతే 70 డిగ్రీల వేడిలో కరిగించి పంపే మైనం లోపలికి వచ్చినా, చివర్లో ఇరుక్కున్న గాలి దాన్ని పోనివ్వదు. కొక్కెం పొట్టిదై పుడుతుంది, రాయి నిలవదు. ఒక మంచి డైతో, అంటే ఈ రబ్బరు అచ్చుతో, వందలకొద్దీ మైనాలు దిగుతాయి. చెడ్డ డై అయితే ప్రతి మైనానికీ అంచున రెక్క లేస్తుంది, దాన్ని గీకేవాడి కూలీ, బంగారంలో రాపిడి, తరుగు, అన్నీ పెరుగుతాయి. ఆ లెక్క చివరికి కొన్నవాళ్ళ బిల్లులోనే తేలుతుంది.

కంప్యూటరులో గీసి త్రీడీ ప్రింటరులో తీసే రోజుల్లో ఈ కత్తి ఎందుకని అడగొచ్చు. ఒక్క నగకైతే అక్కర్లేదు, ప్రింటు తీసిన రెజిన్‌నే పోతకు వాడొచ్చు. వందలు కావాలంటే మళ్ళీ డై చేయాల్సిందే. ఆ రెజిన్ ప్రెస్సు వేడికి తట్టుకోదు గనక, దాన్ని ముందు వెండిలో పోసుకుంటారు, లేదా మామూలు వేడిలోనే గట్టిపడే సిలికాన్ వాడతారు. ఏ రబ్బరైనా కోసేది మాత్రం చెయ్యే.

ఈసారి కాస్టింగు నగ కొనేటప్పుడు దుకాణంలో భూతద్దం అడిగి, వెనక్కి తిప్పి కొక్కేల మొదళ్ళు చూడండి. గీత కనబడితే బేరం ఆడండి. కనబడకపోతే అడిగిన మజూరీ ఇవ్వండి.